గళ్ళ కాగితం మీద బొమ్మను జరపడం ఎలా? ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి, ఎలా సరిచూసుకోవాలి?

“బొమ్మని 5 గళ్ళు కుడికి జరపమన్నారు మేస్టారూ, ఎక్కడ్నించి లెక్కెట్టాల?”

విజయనగరంలో నా దగ్గర లెక్కలు నేర్చుకునే పిల్లలు ఏటా అడిగే ప్రశ్న ఇది. రాత్రిపూట ఫోను చేసే తల్లులూ ఇదే అడుగుతారు. తెల్లారితే పరీక్ష కాబట్టి వాళ్ళ గొంతులో గాభరా కూడా ఉంటుంది. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను. గళ్ళ కాగితం ముందు పెట్టుకుని, గీస్తూ చదవండి. చదివి వదిలేస్తే ఇది రాదు. చేత్తో గీస్తే ఒక్క పూటలో వచ్చేస్తుంది.

పుస్తకాల్లో దీని పేరు స్థానాంతరణం. ఇంగ్లీషు మీడియం పిల్లలు ట్రాన్స్‌లేషన్ అంటారు. ఇక్కడ నేను ‘జరపడం’ అనే అంటాను.

కావలసినవి

- గళ్ళ నోటుబుక్కు, లేదా గ్రాఫు కాగితం. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు గళ్ళ నోటుబుక్కే మేలు. గ్రాఫు కాగితంలో ఒక సెంటీమీటరు గడిలో మళ్ళీ మిల్లీమీటరు గళ్ళుంటాయి. పిల్లలు ఒకసారి పెద్ద గడి, ఒకసారి చిన్న గడి లెక్కపెట్టి తికమక పడతారు.
- చెక్కిన పెన్సిలు, రబ్బరు, స్కేలు.
- రెండు రంగు పెన్సిళ్ళు. అసలు బొమ్మకు ఒకటి, జరిగిన బొమ్మకు ఒకటి.
- ట్రేసింగ్ కాగితం. గంటస్తంభం దగ్గర స్టేషనరీ కొట్లలో అడగండి. దొరక్కపోతే పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు, దాని మీద రాయడానికి మార్కరు పెన్ను ఉన్నా చాలు.
- జామెట్రీ బాక్సులోని మూలమట్టాలు రెండు, వృత్తలేఖిని. ఇవి తెల్ల కాగితం మీద చేసేటప్పుడే కావాలి.

గీత గీసే ముందు పిల్లలకు ఒక్క మాట చెప్పండి. బొమ్మను జరపడమంటే దాని మీద ఉన్న ప్రతి బిందువూ ఒకే వైపుకి, ఒకే దూరం వెళ్ళడం. ఒక మూల 5 గళ్ళు వెళ్ళి పక్క మూల 4 గళ్ళే వెళితే బొమ్మ సాగినట్టో నలిగినట్టో అవుతుంది. జరిగినట్టు కాదు. బొమ్మ తిరగకూడదు, బోర్లా పడకూడదు, పెరగకూడదు, తగ్గకూడదు. సిద్ధాంతం ఇంతే. కింద చెప్పే పొరపాట్లన్నీ ఈ మాటను ఎక్కడో ఒకచోట మరిచిపోవడం వల్ల వచ్చేవే.

గళ్ళ కాగితం మీద చేసే పద్ధతి

ఒక త్రిభుజం తీసుకుందాం. శీర్షాలు, అంటే మూలలు, ఎ (1, 1), బి (4, 1), సి (1, 3). దీన్ని 5 గళ్ళు కుడికి, 2 గళ్ళు పైకి జరపాలి.

1. ముందు అక్షాలు గీయండి. అడ్డంగా ఉన్నది ఎక్స్ అక్షం, నిలువుగా ఉన్నది వై అక్షం. రెండూ కలిసే చోట 0 రాయండి. అంకెలను గడి మధ్యలో రాయకండి, గీత దగ్గరే రాయండి. సగం తప్పులు ఇక్కడే పుడతాయి. గడి మధ్యలో 1 అని రాస్తే, 1 అంటే గడా గీతా అన్నది చివరిదాకా తేలదు.

2. త్రిభుజం గీసి శీర్షాల పేర్లు రాయండి. “పేర్లెందుకు మేస్టారూ, బొమ్మ కనబడుతోంది కదా” అంటారు పిల్లలు. రాయించండి. ఏ మూల ఎక్కడికి వెళ్ళిందో చెప్పేది ఆ పేరే.

3. జరపాల్సిన దూరాన్ని ఒక జతగా రాసుకోండి: (+5, +2). కుడికి ప్లస్, ఎడమకు మైనస్, పైకి ప్లస్, కిందికి మైనస్. మొదటి అంకె ఎప్పుడూ అడ్డానికి, రెండోది నిలువుకి. ప్రశ్నలో “2 పైకి, 5 కుడికి” అని తిరగేసి ఇచ్చినా మీరు రాసుకునేది (+5, +2) అనే. పరీక్షల్లో కావాలనే ఇలా తిరగేసి ఇస్తుంటారు.

4. పెన్సిలు మొన ఎ మీద పెట్టండి. కుడికి ఒక్కో గీతా దాటుతూ 5 లెక్కపెట్టండి. అక్కడి నుంచి పైకి 2. ఆగిన చోట చుక్క పెట్టి ఎ′ అని రాయండి. దాన్ని ‘ఎ ప్రైమ్’ అని చదువుతారు, ఎ జరిగి చేరిన చోటు అని అర్థం.

5. బి, సి లకూ ఇదే చేయండి. ప్రతిసారీ దాని సొంత చోటు నుంచే లెక్క మొదలుపెట్టాలి.

6. మూడు చుక్కలూ పడ్డాకే రెండో రంగుతో కలపండి. ఒక చుక్క పెట్టేసి మిగతా త్రిభుజాన్ని కంటి అంచనాతో గీయకండి. లంబకోణ త్రిభుజమైతే అద్దంలో ప్రతిబింబంలా తిరగబడి పోయేది ఇలా గీసినప్పుడే.

7. అసలు బొమ్మను చెరపకండి. రెండూ పక్కపక్కన ఉంటేనే సరిచూసుకోగలం.

ఇలా చేస్తే ఎ′ (6, 3), బి′ (9, 3), సి′ (6, 5) రావాలి. మీకూ ఇవే వచ్చాయా? వస్తే ముందుకు వెళ్ళండి, రాకపోతే కింది భాగం నిదానంగా చదవండి.

కాగితం లేకుండా చేయాలంటే కూడిక చాలు. ప్రతి శీర్షంలో మొదటి అంకెకు 5, రెండో అంకెకు 2 కలపాలి. పది తరగతి పిల్లలు దీన్నే (ఎక్స్, వై) → (ఎక్స్ + 5, వై + 2) అని రాస్తారు. అయినా మొదటి నాలుగైదు లెక్కలు మాత్రం గీసే చేయించండి. కూడిక ఒక్కటే నేర్చుకున్న పిల్లవాడికి జవాబు సరిగ్గానే వస్తుంది, బొమ్మ ఎటు వెళ్ళిందో మాత్రం చెప్పలేడు.

పొరపాట్లు జరిగే చోట్లు

రెండు బొమ్మల మధ్య ఖాళీని లెక్కపెట్టడం. అన్నిటికన్నా ఎక్కువగా చూసేది ఇదే. మొదట అడిగిన ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. పై త్రిభుజంలో కుడి చివర బి, ఎక్స్ విలువ 4 దగ్గరుంది. జరిగిన బొమ్మ ఎడమ అంచు 6 దగ్గర మొదలైంది. మధ్యలో ఖాళీ 2 గళ్ళే. “మేస్టారూ, 5 జరపమంటే 2 గళ్ళే జరిగింది” అంటారు. ఇంకొందరు ఖాళీ 5 గళ్ళుండేలా కొత్త బొమ్మను 9 దగ్గర మొదలుపెడతారు. అప్పుడు ఎ అనేది 1 నుంచి 9కి, అంటే 8 గళ్ళు జరిగిపోయినట్టు. ఖాళీతో మనకు పని లేదు. ఎ నుంచి ఎ′ కి, బి నుంచి బి′ కి. ఏ మూల నుంచి మొదలుపెట్టారో అదే మూల దగ్గర ఆపాలి.

అసలు రెండు బొమ్మల మధ్య ఖాళీ ఉండాలన్న నియమం కూడా లేదు. పై త్రిభుజాన్ని ఒక్క గడి కుడికి జరిపి చూడండి. కొత్త బొమ్మ పాతదాని మీదే సగానికి కాస్త తక్కువగా పడుతుంది. పిల్లలు అది తప్పనుకుని చెరిపేస్తారు. తప్పు కాదు.

మొదలుపెట్టిన గీతను ‘ఒకటి’ అని లెక్కపెట్టడం. దీంతో ప్రతి బిందువూ ఒక గడి తక్కువ జరుగుతుంది. తమాషా ఏమిటంటే, అన్ని మూలలూ ఒకే రకంగా తక్కువ జరుగుతాయి కాబట్టి బొమ్మ చూడ్డానికి చక్కగా ఉంటుంది, తప్పు కంటికి కనపడదు. తొక్కుడుబిళ్ళ ఆడేటప్పుడు నిలబడ్డ గడిని గెంతుగా లెక్కేస్తామా? లెక్కేయం. ఇక్కడా అంతే. గీతలు కాదు, గెంతులు లెక్కపెట్టాలి. పెన్సిలు కదలకముందు “సున్నా” అని పైకి అనమనండి. ఈ అలవాటు ఒక్కటి చేస్తే ఈ పొరపాటు మళ్ళీ రాదు.

(5, 2) ను చోటనుకోవడం. “(5, 2) తో జరపండి” అని చదివి బొమ్మ మూలను (5, 2) బిందువు దగ్గర పెట్టేస్తారు. రాసే పద్ధతి ఒకటే కావడం వల్ల వచ్చే చిక్కిది. ఒకటి ‘ఎక్కడుంది’ అని చెబుతుంది, ఇంకొకటి ‘ఎంత వెళ్ళాలి’ అని చెబుతుంది. అందుకే జరపాల్సిన దూరానికి ప్లస్ గుర్తు కూడా రాయించండి: (+5, +2). గుర్తు కనపడితే అది నడక అని తెలిసిపోతుంది.

సున్నాను దాటేటప్పుడు తడబడటం. ఇప్పుడు మన కొత్త త్రిభుజాన్ని (−7, −4) తో జరపండి. ఎ′ (6, 3) నుంచి 7 గళ్ళు ఎడమకు వెళితే −1 రావాలి. చాలామంది 1 తర్వాత నేరుగా −1 అంటారు, సున్నాను వదిలేస్తారు. వాళ్ళకు −2 వస్తుంది. సరైన జవాబులు (−1, −1), (2, −1), (−1, 1). బొమ్మ నాలుగు పాదాల మీదా, అంటే అక్షాలు విడదీసే నాలుగు భాగాల మీదా, విస్తరించి ఉంది చూడండి. ఇలాంటి లెక్క ఒక్కటైనా చేయించకుండా వదలకండి.

ఈ లెక్కలోనే ఇంకో సంగతి గమనించండి. మొదట (+5, +2), తర్వాత (−7, −4). రెండూ కలిపితే (−2, −2). మొట్టమొదటి ఎ (1, 1) ను ఒకేసారి (−2, −2) తో జరిపినా (−1, −1) కే చేరుతుంది. ఎన్నిసార్లు జరిపినా చివరికి అది ఒక్క జరుపుతో సమానమే. ఏది ముందు, ఏది తర్వాత అన్నదీ పట్టింపు లేదు.

రెండు అక్షాల మీద స్కేలు వేరువేరుగా ఉండటం. గ్రాఫు కాగితం మీద ఎక్స్ అక్షానికి 1 సెం.మీ. = 1 యూనిట్, వై అక్షానికి 1 సెం.మీ. = 2 యూనిట్లు అని తీసుకున్నారనుకోండి. 4 యూనిట్లు పైకి జరపాలంటే కాగితం మీద వెళ్ళాల్సింది 2 సెం.మీ. మాత్రమే. ప్రశ్న యూనిట్లలో అడుగుతుంది, చెయ్యి గళ్ళు లెక్కపెడుతుంది. స్కేలు ఎంత తీసుకున్నారో కాగితం పైమూల రాసుకుని, దాన్ని చూస్తూ లెక్కపెట్టండి. వీలైతే రెండు వైపులా ఒకే స్కేలు తీసుకోండి. కొలతలతో సరిచూసుకోవడానికి అదే అనువు.

సరిచూసుకోవడం

తీసివేత. ఎక్కువ నమ్మదగినది ఇదే. ప్రతి కొత్త బిందువులోంచి దాని పాత బిందువును తీసేయండి. 6 − 1 = 5, 3 − 1 = 2. తర్వాత 9 − 4 = 5, 3 − 1 = 2. తర్వాత 6 − 1 = 5, 5 − 3 = 2. మూడుసార్లూ (5, 2) వచ్చింది, బొమ్మ సరిగ్గా జరిగింది. ఒక్కచోట తేడా వస్తే ఆ మూల ఒక్కటే మళ్ళీ చూసుకుంటే సరిపోతుంది. మొత్తం చెరపక్కర్లేదు. మొదలుపెట్టిన గీతను ‘ఒకటి’ అని లెక్కపెట్టిన తప్పు కూడా దీనికి దొరికిపోతుంది, ఎందుకంటే అప్పుడు అన్నిచోట్లా (4, 1) వస్తుంది.

బాణాలు. ఎ నుంచి ఎ′ కి, బి నుంచి బి′ కి, సి నుంచి సి′ కి సన్నగా గీతలు గీయండి. మూడూ సమాంతరంగా, సమాన పొడవుతో ఉండాలి. ఏ రెండైనా ఒకదాన్నొకటి దాటుకుంటే ఎక్కడో మూలల పేర్లు మారిపోయాయి.

భుజాల పొడవు. ఎబి 3, ఎసి 2, బిసి పొడవు √13, అంటే సుమారు 3.6. కొత్త బొమ్మలోనూ ఇవే రావాలి. అయితే ఒక హెచ్చరిక. పొడవులు సరిపోయాయి కాబట్టి జరిపినట్టే అని తేల్చేయకండి. తిప్పినా, బోర్లా వేసినా కూడా పొడవులు మారవు. ఈ పరీక్షలో తప్పితే బొమ్మ కచ్చితంగా తప్పు. నెగ్గినా మాత్రం తీసివేత చేసి చూడాల్సిందే.

ట్రేసింగ్ కాగితం. అసలు బొమ్మ మీద పెట్టి బొమ్మతో పాటు పక్కన ‘శ్రీ’ అని కూడా రాయండి. ఇప్పుడు కాగితాన్ని కొత్త బొమ్మ మీద సరిపోయేలా పెట్టండి. ‘శ్రీ’ నిటారుగా, చదవడానికి వీలుగా ఉంటే బొమ్మ జరిగింది. పక్కకు వాలినా తలకిందులైనా తిరిగింది. కాగితం బోర్లా తిప్పితేగానీ బొమ్మ సరిపోలేదంటే అది పరావర్తనం, అంటే అద్దంలో ప్రతిబింబం. 6, 7 తరగతుల పిల్లలకు ఇంతకు మించిన పరీక్ష అక్కర్లేదు. ‘శ్రీ’ బదులు సున్నా మాత్రం రాయకండి, అది ఎలా తిప్పినా ఒకేలా ఉంటుంది.

చతురస్రాల విషయంలోనూ ఇదే మోసం ఉంది. చతురస్రాన్ని తీసుకెళ్ళి 90 డిగ్రీలు తిప్పి పెట్టినా చూడ్డానికి జరిపినట్టే ఉంటుంది. పైన ఎడమ మూలలో ఎ ఉండాల్సింది బి ఉందనుకోండి, అప్పుడే తెలుస్తుంది అది తిరిగిందని. రెండో మెట్టులో పేర్లు రాయమన్నది ఇందుకే.

ఇంట్లో అమ్మలకు ఇది ముందే వచ్చు

నిజంగా చెబుతున్నాను, గళ్ళ కాగితం దగ్గర తడబడే పిల్లల తల్లులు నెలగంట పెట్టిన దగ్గర్నుంచి సంక్రాంతి దాకా రోజూ ఇదే పని తప్పు లేకుండా చేస్తారు. ఎదురుచుక్కల ముగ్గులో ఒక పువ్వు వేసి, పక్కన అలాంటిదే ఇంకోటి వేయాలంటే ఏం చేస్తారు? పువ్వుకీ పువ్వుకీ మధ్య ఖాళీ కొలవరు. మొదటి పువ్వు నడిమి చుక్క నుంచి 5 చుక్కలు దాటి రెండో పువ్వు నడిమి చుక్క పెట్టుకుంటారు. రేకులన్నీ దాని చుట్టూ వాటంతట అవే కుదురుతాయి. ఎ నుంచి ఎ′ కి అని పైన చెప్పింది అచ్చంగా ఇదే.

అందుకని ఒక సాయంత్రం పిల్లల్ని వాకిట్లోకి తీసుకెళ్ళండి. 12 చుక్కలు, 6 వరసలు పెట్టండి. ఎడమ పక్కన చిన్న పువ్వో చేపో వేసి, “దీన్ని 6 చుక్కలు కుడికి జరుపు” అనండి. చేపైతే ఇంకా మంచిది. మూతి ఎటుందో చూస్తే తిరగబడిందో లేదో ఇట్టే తెలుస్తుంది. తప్పితే చీపురుతో తుడిచి మళ్ళీ వేయొచ్చు, రబ్బరు పట్టుకుని బెంబేలు పడక్కర్లేదు.

సందుచుక్కల ముగ్గుతో మాత్రం మొదలుపెట్టకండి. అక్కడ ఒక వరస చుక్కలు పై వరస చుక్కల సందుల్లోకి వస్తాయి. ఒక వరస కిందికి జరిపితే సగం చుక్క పక్కకు కూడా జరగాలి. ఎదురుచుక్కలు బాగా వచ్చాక అది ఇవ్వండి, తెలివైన పిల్లలకు మంచి మేత.

చీర అంచులు కూడా చూపించండి. ఒకే బుటా వరసగా వచ్చే అంచులో, ఒక బుటా కొసనుంచి పక్క బుటా అదే కొసకు ఎంత దూరముందో టేపుతో కొలవమనండి. ఆ దూరం 4 సెం.మీ. అయితే అంచును 4, 8, 12 సెం.మీ. జరిపినప్పుడు దాని మీద అదే సరిగ్గా పడుతుంది, 3 జరిపితే పడదు. బుటాలు లేకుండా గీతలే ఉన్న అంచైతే, పొందూరు పంచెలకు ఉంటుందే అలాంటిది, పొడవు వెంట ఎంత జరిపినా తేడా తెలియదు. ఎందుకో పిల్లల్నే చెప్పమనండి.

గళ్ళు లేని తెల్ల కాగితం మీద

ఇక్కడ ఎంత జరపాలో అంకెల్లో ఇవ్వరు, ఒక బాణం గీసి ఇస్తారు. బాణం ఎటు చూపిస్తే అటు, బాణం ఎంత పొడవుంటే అంత.

1. ఒక మూలమట్టం అంచును బాణం గీతకు ఆనించండి.
2. ఆ మూలమట్టం ఇంకో అంచుకు స్కేలు ఆనించి, స్కేలును ఎడమచేత్తో గట్టిగా నొక్కి పట్టుకోండి.
3. స్కేలు కదలకుండా మూలమట్టాన్ని మాత్రం జార్చండి. దాని మొదటి అంచు ఎ ను తాకిన చోట ఆపి సన్నటి గీత గీయండి. ఇది బాణానికి సమాంతరంగా ఉంటుంది.
4. వృత్తలేఖినితో బాణం పొడవు తీసుకోండి. ముల్లు ఎ మీద పెట్టి, బాణం చూపించే వైపే గీతను ఖండించండి. అదే ఎ′.
5. మిగతా శీర్షాలకూ ఇలాగే. వృత్తలేఖిని కాళ్ళు మధ్యలో కదిలిపోకుండా చూసుకోండి. మర వదులుగా ఉంటే ముందే బిగించుకోండి.

ఎక్కువగా జరిగే తప్పు స్కేలు జారిపోవడం. ఎబి, ఎ′బి′ సమాంతరంగా ఉన్నాయా అన్నది మూలమట్టంతోనే చూసుకోండి. మిల్లీమీటరు తేడా వస్తే పరవాలేదు, చేతిపని కదా. అంతకు మించితే మళ్ళీ గీయండి.

ఫోన్లో చూపించాలనుకుంటే జియోజీబ్రా ఉచితంగా దొరుకుతుంది. బహుభుజి గీసి, పక్కన ఒక సదిశ (వెక్టర్, అంటే పైన చెప్పిన బాణం లాంటిది) గీయాలి. సదిశతో జరిపే పనిముట్టు ఎంచుకుని ముందు బొమ్మను, తర్వాత సదిశను తాకితే జరిగిన బొమ్మ వస్తుంది. సదిశ కొసను వేలితో లాగుతుంటే బొమ్మ కూడా వెంట కదులుతుంది. పిల్లలకు ఇది బాగా నచ్చుతుంది. కానీ చేత్తో గీయడం వచ్చాకే ఇవ్వండి.

వృత్తాలు, వక్రాలు

వృత్తాన్ని జరపడానికి కేంద్రాన్ని జరిపితే చాలు, వ్యాసార్థం అలాగే ఉంటుంది. కేంద్రం (0, 0), వ్యాసార్థం 3 ఉన్న వృత్తాన్ని (+4, −1) తో జరిపితే కేంద్రం (4, −1) అవుతుంది.

సమీకరణం దగ్గరే గొడవ. ఎక్స్² + వై² = 9 అన్నది జరిగాక (ఎక్స్ − 4)² + (వై + 1)² = 9 అవుతుంది. “కుడికి వెళితే ప్లస్ అన్నారు కదా, మైనస్ ఎందుకొచ్చింది?” అని ఇంటర్ పిల్లలు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. కొత్త బొమ్మ మీద ఉన్న బిందువు పాత బొమ్మ మీద ఎక్కడి నుంచి వచ్చిందో వెనక్కి చూడాలి. ఇప్పుడున్న చోటు ఎక్స్ అయితే, అది వచ్చిన చోటు ఎక్స్ − 4. పాత సమీకరణానికి తెలిసింది పాత చోటే కాబట్టి అందులో ఎక్స్ − 4 వేస్తాం.

అనుమానముంటే ఒక బిందువు వేసి చూడండి. వై = ఎక్స్² అనే పరావలయం కొస (0, 0) దగ్గరుంది. 3 కుడికి జరిపితే కొస (3, 0) కి రావాలి. వై = (ఎక్స్ − 3)² లో ఎక్స్ బదులు 3 వేస్తే 0 వస్తుంది, సరిపోయింది. ప్లస్ పెట్టి చూస్తే 36 వస్తుంది. పరీక్షలో అర నిమిషం పట్టే పని, మార్కు మాత్రం నిలబడుతుంది.

బొమ్మ జరిగిందా, అక్షాలు జరిగాయా?

ఇంటర్లో మూలబిందువును, అంటే అక్షాలు కలిసే (0, 0) చోటును, మార్చే లెక్కలు వస్తాయి. ప్రశ్న చదవగానే తేల్చుకోవాల్సింది ఇదే. బిందువు (5, 7) ను (+2, +3) తో జరపండి అంటే జవాబు (7, 10). మూలబిందువును (2, 3) కు మార్చితే (5, 7) కొత్త నిరూపకాలు (చోటు చెప్పే అంకెల జత) ఎంత అంటే జవాబు (3, 4). మొదటిదాంట్లో బిందువు కదిలింది, కలపాలి. రెండోదాంట్లో బిందువు కదల్లేదు. మనం కొలవడం మొదలుపెట్టే చోటు కదిలింది, తీసేయాలి. అక్షాలు కుడికి వెళితే, అక్షాల మీద నిలబడి చూసేవాడికి బొమ్మ ఎడమకు వెళ్ళినట్టు కనిపిస్తుంది. ప్రశ్నలో ‘మూలబిందువు’ అన్న మాట కనపడితే దాని కింద గీత గీయండి, ఆ తర్వాతే లెక్క మొదలుపెట్టండి.

ఓపికున్నవాళ్ళకు ఒక పని

అట్టముక్కతో సమాంతర చతుర్భుజం కత్తిరించండి. తిప్పకుండా, జరుపుతూ మాత్రమే దాని చుట్టూ గీతలు గీస్తూ కాగితం నింపండి. ఎక్కడా సందు లేకుండా నిండుతుంది. ఇప్పుడు త్రిభుజం కత్తిరించి అదే ప్రయత్నం చేయండి. ఏ త్రిభుజమైనా సరే, జరపడం ఒక్కదానితో నిండదు, మధ్యలో ఖాళీలు మిగులుతాయి. ఆ ఖాళీల్లోకి త్రిభుజాన్ని 180 డిగ్రీలు తిప్పి పెడితే సరిగ్గా పడుతుంది. క్రమ షడ్భుజం మాత్రం తిప్పకుండానే నింపేస్తుంది. కత్తెర పట్టుకుని ఇది చేసిన పిల్లలకు జరపడానికీ తిప్పడానికీ తేడా మళ్ళీ చెప్పాల్సిన పని ఉండదు.

చేసి చూసుకోవడానికి నాలుగు లెక్కలు

1. (−2, 1), (0, 3), (3, 3), (1, 1) శీర్షాలుగా ఉన్న చతుర్భుజాన్ని 3 కిందికి, 4 ఎడమకు జరపండి.
2. ఒక బొమ్మను జరిపితే (2, −3) దగ్గరున్న మూల (−1, 4) కు చేరింది. అదే బొమ్మలో (5, 0) దగ్గరున్న మూల ఎక్కడికి చేరుతుంది?
3. ఎ (0, 0), బి (2, 0), సి (0, 1) త్రిభుజం నుంచి ఎ′ (5, 4), బి′ (3, 4), సి′ (5, 3) వచ్చింది. ఇది జరపడమేనా?
4. మూలబిందువును (−1, 2) కు మార్చితే (3, 3) కొత్త నిరూపకాలు ఏమిటి?

జవాబులు

1. (−6, −2), (−4, 0), (−1, 0), (−3, −2). ప్రశ్నలో కిందికి ముందు ఇచ్చారు కాబట్టి (−3, −4) తో జరిపారేమో చూసుకోండి. అలాగైతే మొదటి మూల (−5, −3) వచ్చి ఉంటుంది.
2. జరిగిన దూరం (−3, +7). కాబట్టి (2, 7).
3. కాదు. తీసివేస్తే (5, 4), (1, 4), (5, 2) అని మూడు రకాలుగా వస్తుంది. భుజాల పొడవులు మాత్రం సరిపోతాయి, అందుకే చాలామంది ‘అవును’ అని రాస్తారు. నిజానికి ఇది (2.5, 2) చుట్టూ 180 డిగ్రీలు తిరిగిన బొమ్మ.
4. 3 − (−1) = 4, 3 − 2 = 1. జవాబు (4, 1). (2, 5) వచ్చిందంటే తీసేయాల్సిన చోట కలిపారు.